నిద్రలో కొలిచిన పాదాలు

మనిషికి చూపు పోతే దాంతోపాటు చెవులూ, నోరూ, బుర్రా కూడా కట్టకట్టుకుని పోతాయని లోకానికి ఎవరు చెప్పారో గానీ, వాడు కనిపిస్తే డ్రైవరు వాడి పీక పిసికేవాడే. కనిపించడు కాబట్టి బతికిపోయాడు.

డ్రైవరు ఇరవై ఏళ్ళకు పైగా సిటీ బస్సు నడిపినవాడు. స్టీరింగు వదిలి రెండేళ్ళు దాటినా వీధిలో అందరికీ ఇంకా డ్రైవరే. కంట్లో ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిని, చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చి చివరికి ఆరిపోయింది. డిపోవాళ్ళు మంచివాళ్ళే, ఇంటికి పొమ్మనలేదు, ఎంక్వయిరీ ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఏ బస్సు ఏ మలుపు తిరిగి ఎక్కడ ఆగుతుందో అతనికి కంఠతా వచ్చు. ఆ పనిలో ఒక సుఖముంది. ఫోన్లో అడిగేవాళ్ళు అతన్నే అడుగుతారు.

ఆ కుర్చీలోంచి లేచి బయటికొస్తే మాత్రం అతన్ని అడిగేవాడు లేడు. బట్టల షాపులో "సార్‌కి ఏ రంగు ఇష్టం మేడమ్?" అని భార్యని అడుగుతారు. డాక్టరు "ఈయనకి నిద్ర సరిగా పడుతోందా?" అని బావమరిదిని అడుగుతాడు. వాళ్ళు కూడా ఏమాత్రం తడుముకోకుండా జవాబు చెప్పేస్తారు. మధ్యలో తను ఒక మూట. ఎత్తి ఒకచోట పెడితే పడి ఉండాలి.

ఇలాంటి సమయంలో బావమరిది రెండు సీట్ల సైకిలొకటి ఇంటికి తోలుకొచ్చాడు. బావమరిదంటే భార్యకి తమ్ముడు, మందుల షాపు యజమాని, నోరు మూసుకుని ఉండటం ఎలాగో తెలియని మనిషి. ఎవరో దంపతులు కొన్నాళ్ళు తొక్కి, తర్వాత మాటామాటా వచ్చి మూల పడేసిన సైకిలట అది. ముందొక సీటు, వెనకొక సీటు. తిరిగే హేండిలూ, బ్రేకులూ ముందువాడికే. వెనకవాడి హేండిలు పట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. పెడళ్ళు మాత్రం ఇద్దరికీ ఉన్నాయి. రెండు జతలనీ ఒక గొలుసు కలుపుతుంది కాబట్టి ముందువాడు తొక్కితే వెనకవి వాటంతటవే తిరుగుతాయి.

"నువ్వు ఊరికే కూర్చో బావా, తొక్కేది నేను తొక్కుతాగా" అన్నాడు బావమరిది.

మొదటి రోజు మొహానికి గాలి తగిలేసరికి డ్రైవరుకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం మొదటి ఎత్తు దాకానే మిగిలింది. ఎత్తెక్కుతుంటే చెప్పు జారి, కాలు పెడలు మీంచి పోయింది. చూపున్నవాడైతే కిందికి చూసి మళ్ళీ పెట్టుకుంటాడు. ఇతను గాల్లో వెతుక్కోవాలి. ఆ వెతికేలోపు తిరుగుతున్న పెడలు వచ్చి మోకాలి కింద ఎముక మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది. కాసేపటికి ఇంకొకటి. ఇంటికొచ్చేసరికి కాళ్ళు రెండూ కమిలిపోయాయి.

"రేపట్నుంచి కాళ్ళు కాస్త పైకెత్తి పట్టుకో బావా. నేను లాగేస్తాను" అన్నాడు బావమరిది.

ఆ మాటకి డ్రైవరుకి ఏడుపొక్కటే తక్కువ. బస్సు పోయింది, సరే. స్టీరింగు పోయింది, అదీ సరే. ఈ సైకిలు ముందుకి కదలడంలో తన కాళ్ళ బలం పిసరంతైనా లేకపోతే తను ఎక్కడం దేనికి? టిక్కెట్టు తీసుకున్నవాడిని ప్రయాణికుడంటారు. కాళ్ళు పైకెత్తి కూర్చున్నవాడిని సామానంటారు. తను తొక్కాలి. అంతే, అంతకు మించి ఏమీ వద్దు.

మర్నాడు అతని చెవికి ఒక చప్పుడు తగిలింది. బయల్దేరేముందు ముందు సీటు కింద టక్. ఆగేముందు మళ్ళీ టక్.

"ఏమిట్రా అది?"

"అదా, నా షూ బావా. అడుగున చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. క్లీట్ అంటారు. పెడలు మీద పెట్టి నొక్కితే పట్టేసుకుంటుంది. మడమ పక్కకి తిప్పితే వదిలేస్తుంది. క్లిప్‌లెస్ పెడళ్ళంటారు."

"క్లిప్‌లెస్ అంటే క్లిప్ లేనిదని కదా? కాలు పట్టేసుకుంటుందంటావు, మళ్ళీ క్లిప్ లేదంటావు."

"ఏమో బావా, పేరు పెట్టినవాణ్ణడుగు."

పేరు సంగతి ఎలా ఉన్నా డ్రైవరు బుర్రలో దీపం వెలిగింది. ఇందులో కంటికి పనేలేదు. కాలు తాకుతుంది, చెవి వింటుంది, అయిపోయింది. పట్టుకున్నాక ఇక జారేది లేదు, ఎముక మీద దెబ్బ తినేది లేదు, ఎత్తెక్కేటప్పుడు కసితీరా తొక్కొచ్చు. లోకంలో వస్తువులన్నీ చూపున్నవాళ్ళ కోసం చేసి, ఇదొక్కటి పొరపాటున తన కోసం చేసినట్టున్నారు.

"నాక్కూడా అవే కావాలి" అన్నాడు.

బావమరిది "చూద్దాం బావా" అన్నాడు. ఆ ఇంట్లో చూద్దాం అంటే ఆ మాట అక్కడితో ఆగి, వంటింట్లో అక్కా తమ్ముళ్ళ మధ్య మళ్ళీ మొదలవుతుందని అర్థం.

వారం తిరక్కుండానే ఒక పెట్టె తెచ్చి అతని ఒళ్ళో పెట్టారు. కొత్త తోలు వాసన, లోపల కాగితం గరగర. షూ. డ్రైవరుకి సంతోషం పట్టలేదు. కాలు దూర్చాడు. సగం దూరింది. మిగతా సగం బావమరిది మడమ పట్టుకుని నెడితే దూరింది. లోపల వేళ్ళు ఒకదాని మీద ఒకటెక్కి కూర్చున్నాయి.

"కొత్తవి కదా బావా, వాడగా వాడగా సాగుతాయి."

డ్రైవరు అడుగు భాగం వంచి చూశాడు. చెక్కబల్లలా ఉంది. "ఇది సాగుతుందా? ఇది సాగేలోపు నేను పోతాను. అసలు నా సైజు మీకెవరు చెప్పారు?"

భార్య మెల్లిగా అంది. ఆవిడ బట్టలు కుడుతుంది, ముందు గదిలో ఆవిడ మిషను ఎప్పుడూ గరగరమంటూనే ఉంటుంది. "నేనే కొలిచానండీ. మొన్న పొద్దున, మీరు నిద్రలో ఉండగా. టేపుతో."

"నిద్రలో కొలిచావా?"

"మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామని."

"బ్రహ్మాండంగా ఆశ్చర్యపోయాను. పడుకున్నవాడి పాదం ఒకలా ఉంటుంది, నిలబడితే బరువు పడి ఇంకోలా పరుచుకుంటుంది. సాయంత్రానికి కాస్త ఉబ్బుతుంది కూడా. నీ దగ్గరికొచ్చినవాణ్ణి పడుకోబెట్టి చొక్కాకి కొలతలు తీసుకుంటావా? నేనేమైనా శవాన్నా? లేపి, నిలబడమని, ఎక్కడ బిగుస్తోందని ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?"

"అడిగితే మీరు దేనికో ఒకదానికి విసుక్కుంటారు" అంది ఆవిడ.

"అడక్కపోతే విసుక్కోవట్లేదా?"

మర్నాడు సాయంత్రం పాదాలు ఉబ్బే వేళ చూసి మరీ, డ్రైవరు బావమరిది మోచెయ్యి పట్టుకుని షాపుకి బయల్దేరాడు.

షాపంతా రబ్బరు వాసన, గొలుసుకి వేసే నూనె వాసన. ఎక్కడో చక్రమొకటి కరకరమని తిరుగుతోంది. అమ్మే అమ్మాయి గొంతు తేనెలా ఉంది. మాట మాత్రం పాత మాటే.

"సార్‌కి ఎక్కడ బిగువుగా ఉందండీ?" అని బావమరిదిని అడిగింది.

"బొటనవేలి దగ్గరనుకుంటా" అన్నాడు ఆ మహానుభావుడు.

"అనుకుంటావేమిట్రా? నా బొటనవేలి గురించి నువ్వు అనుకోవడమేమిటి? అదేమైనా ఉమ్మడి ఆస్తా?" అని డ్రైవరు ఆ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఈ కాలు నాది. నొప్పి నాది. నోరు కూడా ఉంది. నన్నడుగు."

ఆ అమ్మాయి కంగారు పడి, సారీ చెప్పి, ఆ తర్వాత నిజంగానే అడగడం మొదలుపెట్టింది. నిలబడమంది. బరువు రెండు కాళ్ళ మీదా వెయ్యమంది. వేళ్ళ ముందు కాస్త ఖాళీ ఉండాలనీ, మడమ మాత్రం పైకి లేవకూడదనీ చెప్పింది. మొదటి జతలో మడమ లేచింది. రెండో జత చిటికెన వేలిని కరిచింది. ఎడమ కాలికి సరిపోయిన మూడోది కుడి కాలికి పట్టలేదు. బ్రేకు తొక్కీ తొక్కీ కుడి పాదం వెడల్పయిందని డ్రైవరు గట్టి నమ్మకం. అలా అవుతుందో లేదో తనకి తెలీదని, వెడల్పు పాదాలకి వేరే రకం ఉందని లోపల్నుంచి ఇంకో జత తెచ్చింది ఆ అమ్మాయి. పైనొక గుండ్రటి బిరడా. అది తిప్పితే సన్నని తీగ బిగుసుకుని షూ కాలికి అతుక్కుంటుంది. డ్రైవరు తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. ఎక్కడా నొప్పి లేదు.

ఆ అమ్మాయి అడుగున బిళ్ళలు తాత్కాలికంగా బిగించి, స్టాండుకి కట్టేసిన సైకిలెక్కించింది. డ్రైవరు కాలి ముందు భాగంతో పెడలుని తడిమి, బరువేసి నొక్కాడు. టక్. మడమ బయటికి తిప్పాడు. టక్. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. చంటిపిల్లాడికి గిలక్కాయ దొరికినట్టే ఉంది వరస. దింపడానికి బావమరిది బతిమాలాల్సి వచ్చింది. దిగి నాలుగడుగులు వేస్తే నేల మీద గుర్రం నడిచినట్టు టకటకమంది.

"వీటితో నడిచేటప్పుడు జాగ్రత్త సార్, నున్నటి నేల మీద జారుతుంది" అంది ఆ అమ్మాయి, అతనికే. "క్లీట్లు ఇక్కడే బిగించి, పెడళ్ళు పొట్లం కట్టి ఇవ్వమంటారా?"

"వద్దులేమ్మా. అన్నీ పొట్లం కట్టెయ్యి, ఇంట్లో నేను బిగిస్తాను" అన్నాడు బావమరిది, అవసరమైన దానికన్నా తొందరగా.

ఆ తొందర డ్రైవరు చెవిని తాకింది గానీ, సంతోషంలో ఉన్న మనిషి కదా, పట్టించుకోలేదు.

ఆదివారం తెల్లవారకముందే లేచి తయారయ్యాడు. షూ తొడిగి, బిరడా తిప్పి, గడప దాటి మెట్లు దిగాడు. దిగినవాడు దిగినట్టే ఆగిపోయాడు. షాపులో గుర్రంలా టకటకలాడిన షూ ఇప్పుడు పిల్లిలా నడుస్తోంది.

మెట్టు మీద కూర్చుని షూ విప్పాడు. అడుగున వేలితో తడిమాడు. స్క్రూలకి మూడు బెజ్జాలున్నాయి. మూడూ ఖాళీ. లేచి, గోడ పట్టుకుని, బావమరిది సిద్ధంగా నిలబెట్టిన సైకిలు దగ్గరికెళ్ళి వెనక పెడలు పట్టుకు చూశాడు. అదే పాత రబ్బరు పెడలు.

"బిళ్ళలేవిరా?"

"పెట్టాగా బావా" అన్నాడు బావమరిది.

గుడ్డివాడికి అబద్ధం చెప్పేవాడు కాస్త తెలివిగా చెప్పాలి. వీళ్ళకి ఆ ఓపిక కూడా లేదు. బిళ్ళలు కంటికి కనిపించే వస్తువులు కాబట్టి కన్ను లేనివాడికి లేనట్టు తెలియదనుకున్నారు. కాలికి తెలిసే వస్తువుల్ని కాలికి తెలియకుండా దాచాలని చూశారు. ఇంతటి తెలివితేటలు ఈ కుటుంబానికే సాధ్యం.

డ్రైవరు అరవలేదు. అరిస్తే బాగుండేది, బావమరిదికి అలవాటే. "నాకు చెప్పి ఉండొచ్చు కదరా" అన్నాడు. షూ పక్కన పెట్టి మళ్ళీ మెట్టు మీద కూలబడ్డాడు. అతనికి కోపం కంటే సిగ్గుగా ఉంది. నిన్నంతా ఆ షూ ఒళ్ళో పెట్టుకుని తుడిచి, బిళ్ళలు బిగించమని రాత్రి బావమరిదికిచ్చాడు. తుడుస్తుంటే వాళ్ళిద్దరూ చూస్తూ ఊరుకున్నారు.

మిషను చప్పుడు ఆగింది. భార్య గుమ్మంలోకొచ్చింది. "వాణ్ణేమీ అనకండి. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటండీ? పడితే? కాళ్ళు రెండూ దానికి అతుక్కుపోయి, ఎటు పడుతున్నారో కూడా తెలీకుండా పడితే? ఇప్పటికే జరిగింది చాలదా? రోజూ మీరు గుమ్మం దాటినప్పట్నుంచీ తిరిగొచ్చేదాకా నా గుండె గుప్పిట్లో పెట్టుకుని కుడుతున్నాను. ఎన్నిసార్లు సూది వేలికి గుచ్చుకుందో మీకేం తెలుసు."

తెలియదు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పరు, అందరూ అందరి తరఫునా నిర్ణయాలు మాత్రం చేసేస్తారు. డ్రైవరు తల పట్టుకున్నాడు.

"నీ భయం నీది, నేను కాదనను. కానీ కాళ్ళు నావి. నీ భయం తెచ్చి నా కాళ్ళకి కడితే ఎలాగే? చూపున్నప్పుడు మాత్రం నేను పడలేదా? బస్సు నిండా జనం నన్ను నమ్ముకుని వెనక కూర్చున్నారు. ఒక్కడైనా నా కాళ్ళు కట్టేశాడా? ఇప్పుడు నేను వీణ్ణి నమ్మి వెనక కూర్చుంటున్నాను. ముందున్నవాడికి బ్రేకు ఉంది, హేండిలు ఉంది, కళ్ళున్నాయి. నాకు రెండు పెడళ్ళే ఉన్నాయి. అవి కూడా ఉంచరా?"

ఆవిడ ముక్కు చీదిన చప్పుడైంది. "ఆ పొట్లం ఎక్కడ పెట్టావురా?" అంది తమ్ముడితో.

"మందుల షాపులో. దగ్గు మందుల అరలో."

"తీసుకురా. నన్ను చూస్తావేం, వెళ్ళి తీసుకురా."

బావమరిది తెచ్చి బిగించాడు. డ్రైవరు ఊరికే కూర్చోలేదు. బొటనవేలి మొదట్లో ఎముక ఎక్కడుందో షూ పైనుంచి నొక్కి చూపించి, బిళ్ళ దాని కిందికే రావాలని, కాస్త ముందుకి, ఇంకాస్త వెనక్కి అని బావమరిది ప్రాణం తీశాడు. స్ప్రింగు బిగువు తగ్గించమని వాళ్ళిద్దరూ, అక్కర్లేదని ఇతనూ కాసేపు వాదించుకున్నారు. చివరికి తగ్గించారు. గోడకి ఆనుకుని పెట్టడం, తీయడం చెమట పట్టేదాకా సాధన చేశాక బయల్దేరారు.

ఈసారి ఎత్తు వచ్చినప్పుడు డ్రైవరు తొక్కాడు. కాలు జారలేదు. తొక్కిన బలమంతా గొలుసులోకి వెళ్ళి సైకిలు ముందుకి ఉరకడం అతనికి నడుములో తెలిసింది. ముందు సీట్లో బావమరిది రొప్పుతూ "మెల్లిగా బావా, నా వల్ల కావట్లేదు" అన్నాడు. ఆ మాట వినడానికి డ్రైవరు ఎంత కాలంగా కాచుకున్నాడో అతనికే తెలియదు. ఇంకొంచెం గట్టిగా తొక్కాడు.

ఎత్తు దిగాక సిగ్నలుంది. పక్కన బండ్లు నెమ్మదించడం విని డ్రైవరు ఎడమ మడమ తిప్పి కాలు విడిపించుకున్నాడు.

"ఆగుతున్నాం బావా. కాలు తీశావా? సరిగా తీశావా? ఉండు, నేను చూస్తా" అంటూ బావమరిది వెనక్కి తిరిగాడు. అక్క అప్పగించిన మనిషి కదా, ఆ బెంగలో తన కాళ్ళ సంగతి మర్చిపోయాడు.

"నాది తీశాన్రా. నీ సంగతి చూసుకో."

అప్పటికే ఆలస్యమైపోయింది. సైకిలు ఆగింది, ఊగింది, కుడివైపుకి ఒరిగింది. ఎడమ కాలు విడిపించుకున్న డ్రైవరుకి ఒరిగే వైపు కాలు ఇంకా పెడలుకే ఉంది. మోచెయ్యి తారుకి రాసుకుంది, తుంటి నేలకి కొట్టుకుంది. పడుతూనే మడమ తిప్పాడు. టక్‌మని కాలు ఊడొచ్చింది.

అంతలో పది చేతులొచ్చి అతన్ని ఎత్తేశాయి. తీసుకెళ్ళి రోడ్డు పక్క గట్టు మీద కూర్చోబెట్టాయి. ఎవరో నీళ్ళ సీసా చేతిలో పెట్టారు. "అయ్యో, ఈయనకి చూపు లేదండీ." "చూపు లేని మనిషిని ఎందుకయ్యా ఎక్కించావు, బుద్ధుందా?" "ఈయనకి ఎక్కడ తగిలిందో చూడవయ్యా." అందరూ బావమరిదినే అడుగుతున్నారు.

బావమరిది సైకిలు కింద ఉన్నాడు. "ఆయన్ని వదిలెయ్యండి. ఆయనకి కాలు తీసుకోవడం వచ్చు. నాది రావట్లేదు, ముందు నన్ను తియ్యండి" అన్నాడు, ఏడుపు గొంతుతో.

ఎవరికీ ఎలా తియ్యాలో తెలియదు. ఒకడు కాలు పట్టుకుని లాగాడు, బావమరిది కెవ్వుమన్నాడు. డ్రైవరు లేచి, ఆ కేక వచ్చిన వైపు బిళ్ళల మీద జారుతూ వెళ్ళి, వంగి తడుముకుంటూ బావమరిది షూ పట్టుకున్నాడు. "లోపలికి కాదురా, బయటికి తిప్పాలి. ఊపిరి తీసుకో" అని మడమ పట్టుకుని తిప్పాడు. వచ్చేసింది.

అప్పుడే బావమరిది జేబులో ఫోను మోగింది. భార్య గొంతు స్పీకరు లేకుండానే రోడ్డంతా వినిపిస్తోంది. "ఇంత చప్పుడేమిట్రా? ఏమైంది? పడ్డారా? ఆయనకి ఎలా ఉంది? ఎక్కడ తగిలింది? లేచారా?"

బావమరిది ఊపిరి పీల్చుకుని ఏదో చెప్పబోయి మానేశాడు. "నాకేం తెలుసక్కా. ఆయన్నే అడుగు" అని ఫోను డ్రైవరు చేతిలో పెట్టాడు.

"మిమ్మల్ని పడేశాడా వాడు?" అంది ఆవిడ.

"వాడెవడు నన్ను పడెయ్యడానికి? ఇద్దరం తొక్కుతున్నాం. ఇద్దరం పడ్డాం."

ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "మీకెక్కడ తగిలిందండీ?"

డ్రైవరు మళ్ళీ గట్టు మీద కూర్చున్నాడు. అడిగింది తననే కాబట్టి తొందరపడలేదు. మోచేతి దగ్గర మొదలుపెట్టి, ఒక్క గీతైనా వదలకుండా తాపీగా చెప్పుకుంటూ పోయాడు.